ఏడో నంబరు గది

పర్లాకిమిడి పెద్దాసుపత్రిలో
నా ఉద్యోగం పేరు అటెండరు.
చేసేది మాత్రం మాటలు మొయ్యడం,
బల్లకి ఇటు నుంచి అటు.

లోపాముద్ర డాక్టరమ్మది కటకం. తెలుగు రాదు.
శుక్రవారం గది ముందు కూర్చునేవాళ్ళలో
సగం మందికి ఒడియా బజారు వరకే వచ్చు.
బేరమాడ్డానికి సరిపోతుంది,
బొడ్డు కింది సంగతికి చాలదు.

నిజానికి ఆ సంగతికి తెలుగూ చాలదు.
కూర్మయ్య తాత అరవై ఏళ్ళుగా కొమ్ముతో కొంగలు చెక్కినవాడు,
కొంగ మెడ వంపు గురించి పూటంతా చెబుతాడు,
ఇక్కడ మాత్రం నేలచూపులు:
"అదే బాబూ... ఆ పనికెల్తే... నిలబడ్డమే గానీ..."
"రాతిరే కేతే థర?" అంటుంది ఆవిడ.
రాత్రికి ఎన్నిసార్లు లేస్తావు తాతా?
"కోడి కూసేలోగా అయిదు. ముసిల్ది తలుపు సప్పుడు లెక్కెడతాది."
అయిదు అని మాత్రం మోసుకెళ్తాను.
తలుపు చప్పుడు నా దగ్గరే ఉండిపోతుంది.

ధార సన్నగిల్లిందా, మొదలవడానికి ఆలస్యమా,
అయ్యాక కూడా ఇంకా మిగిలినట్టుంటుందా,
ఒక్కో ప్రశ్నకీ తాత మొహం తేటపడుతుంది,
తన ఇంట్లో దూరిన దొంగని
ఎవరో ఆనవాళ్ళతో సహా చెబుతున్నట్టు.
గ్రంథి పెరిగింది, వయసుకి జుట్టు నెరిసినట్టే, అని చెప్పమంది.
"నెరిసిన జుట్టు రేత్రి లేపదు కదేటి?"
అదీ మోశాను. ఆవిడ నవ్వి, పడుకునే ముందు మాత్ర ఒకటి రాసింది.
కళ్ళు తిరుగుతాయి, మంచం పట్టుకుని లేవమంది.

తవిటమ్మది జీడిపిక్కల బట్టీ.
మంట, చలిజ్వరం, ఆర్నెల్లలో ఇది నాలుగోసారి.
నీళ్ళు బాగా తాగమను, ఆపుకోవద్దను, అంది ఆవిడ.
నేను చెప్పాను.
తవిటమ్మ నన్ను వదిలి నేరుగా ఆవిడనే చూసింది:
"ఎనభై మంది ఆడోల్లం. దొడ్డి ఒకటే, దానికి గడియ లేదు.
నీలు తాగి ఎక్కడికెల్తాం?"
ఇది మొయ్యడానికి నాకు కాస్త సేపు పట్టింది.
కలం ఆగింది.
గడియకి చీటీ రాయడం
వాళ్ళ చదువులో లేదనుకుంటాను.

సూరత్ మగ్గాల నుంచి వచ్చిన అసిరి,
పోయిన శుక్రవారం నడుం పట్టుకుని మెలికలు తిరిగినవాడు,
ఇవాళ అగ్గిపెట్టె తెచ్చాడు. లోపల దూది మీద
గోధుమరంగుది, ఆవగింజకి అన్న.
కొండపిండాకు రసం మహిమని వాళ్ళమ్మ,
రోజుకి మూడు లీటర్ల మహిమని డాక్టరమ్మ.
ఆ తగవు మాత్రం నేను మొయ్యలేదు,
ఇద్దరికీ నువ్వే గెలిచావని చెప్పాను.
తాత దాన్ని వెలుతురుకి పట్టి చూసి
"నునుపు సాల్లేదు" అన్నాడు.
తెలుగులో ఏమంటారని ఆవిడ అడిగింది. రాయి.
చీటీ మీద రాయమనడానికీ అదే మాటన్నాను.
రాయి, రాయి, అని రెండుసార్లు నోట్లో తిప్పుకుంది.

బయట బెంచీ మీద స్కానింగు వాళ్ళు
సీసాడేసి నీళ్ళు తాగి కాళ్ళు పెనవేసుకుని
గోడ గడియారం వైపే చూస్తున్నారు.
ఒడియావాళ్ళు, మనవాళ్ళు, కొండ దిగొచ్చిన సవరలు.
ఆ బెంచీకి నాతో పని లేదు.

ఒంటిగంటకి బల్ల తుడుస్తూ అన్నాను,
ఒకాయన ఉన్నాడు మేడం, ఇక్కడికి రాలేదు.
రాత్రి నాలుగుసార్లు లేస్తాడట.
మొన్న ఎర్రగా పడిందట. నొప్పి లేదట.
ఆవిడ తలెత్తలేదు.
"నొప్పి లేని ఎరుపునే ముందు చూడాలి, చెప్పు ఆయనకి.
వయసు?"
యాభై ఆరు.
"బీడీలు?"
ముప్పై ఏళ్ళ నుంచి.

నీళ్ళ పరీక్ష, రక్తం, స్కానింగు,
సోమవారం బరంపురంలో
లోపలికి కెమెరా పంపి చూసేది, అన్నీ రాసి
పేరు దగ్గర ఖాళీ వదిలి
చీటీ నా వైపు తిప్పి
కలం దాని మీద పెట్టింది.

"రాయి" అంది.